ఖాళీ ట్యాంకుతో వచ్చిన కారు

నేను బాగుచేసిన కార్ల గురించి చెప్పమంటే నాకు పెద్దగా ఏమీ గుర్తు రాదు. బాగయ్యాయి, వెళ్ళిపోయాయి. గుర్తుండిపోయింది ఒక్కటే. దానికి ఏ రోగమూ లేదని నేను గట్టిగా చెప్పి పంపించాక, ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టిన కారు. బానెట్ ఎత్తకుండానే కంప్యూటర్ తగిలించి జబ్బేమిటో చెప్పేసే కుర్ర మెకానిక్కులు ఎవరైనా ఇది చదువుతుంటే, ముసలాడి సోది అని మధ్యలో వదిలెయ్యకండి. మీ కంప్యూటర్‌కి ఇంకా ముక్కు రాలేదు కదా.

తొంభైల చివరి రోజులవి. విజయవాడ ఆటోనగర్‌లో నాకు సొంత షెడ్డు ఉండేది. ఊళ్ళోకి చిన్న చిన్న కొత్త కార్లు దిగుతున్నాయి. మా షావుకారుగారు మాత్రం తన పాత మీగడరంగు కారుని వదిలేవారు కాదు. ఆయనది మంగళగిరి, చీరల వ్యాపారం. చిన్నప్పుడు మగ్గం మీద కూర్చున్న మనిషే. తర్వాత నలుగురు నేసిన చీరలు పోగేసి అమ్మడం మొదలుపెట్టి, మెల్లగా పైకొచ్చారు. సోమవారం పొద్దున్నే డిక్కీ నిండా చీరల మూటలు వేసుకుని కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు దాకా కొట్టుకొట్టుకీ ఇచ్చుకుంటూ వెళ్ళేవారు. అరిస్తే వీధి చివరికి వినపడుతుంది. అరిచిన అరగంటకి మళ్ళీ తనే టీ తెప్పిస్తారు. ఆయనంటే నాకు కోపమూ ఉండేది, ఇష్టమూ ఉండేది. ఇప్పుడు ఇష్టం ఒక్కటే మిగిలింది.

ఆ కారు డ్రైవరు బందరు అవతల సముద్రం ఒడ్డు పల్లెవాడు. తాతతండ్రులది వేట. ఇతనికి పడవ ఎక్కితే వాంతులట. "చేపలోళ్ళ ఇంట్లో పుట్టి సముద్రం పడకపోతే ఎట్టాగండీ, అందుకే స్టీరింగు పట్టా," అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. నా వయసువాడే. ఆరు రోజులు మంగళగిరిలో షావుకారుగారి కొట్టు వెనక గదిలో ఉండి, ఆదివారం పెళ్ళాంబిడ్డల దగ్గరికి వెళ్ళొచ్చేవాడు. రోజూ పొద్దున్నే కారు తుడిచి, డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ ముందు రెండు అగరొత్తులు వెలిగించి గాని బండి కదిలించేవాడు కాదు. ఈ అగరొత్తుల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఒకసారి ఇద్దరూ కలిసి వచ్చారు. కార్లో పెట్రోల్ వాసన వస్తోందట.

"వాసనంటే మామూలు వాసన కాదయ్యా మేస్త్రీ," అన్నారు షావుకారుగారు. "చీరలకి పట్టేస్తోంది. కొత్త నూలు చీర మడత విప్పితే గంజి వాసన రావాలి. ఉయ్యూరులో ఒకావిడ చీర ముక్కు దగ్గర పెట్టుకుని, ఇదేంటండీ బంకులో నేశారా అనడిగింది. నా తల కొట్టేసినట్టయింది."

చూశాను. ఇంజను దగ్గర పంపు చూశాను, కార్బురేటర్ విప్పి కడిగాను, కింద పడుకుని ముందు నుంచి వెనక దాకా పెట్రోల్ పైపు మొత్తం వేలితో తడిమాను. ట్యాంకు అడుగున సబ్బు నురగ రాశాను. అంతా పొడిగా ఉంది. ఇక మిగిలింది మూత దగ్గర నుంచి ట్యాంకులోకి దిగే లావుపాటి రబ్బరు పైపు. అది డిక్కీలో ఓ పక్కగా ఉంటుంది. అది రెండేళ్ళ కిందట నేనే వేశాను కాబట్టి, పైనుంచి ఓసారి టార్చి కొట్టి వదిలేశాను.

వారం తర్వాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ చూశాను. మళ్ళీ పొడిగానే ఉంది. మూడోసారి డ్రైవరు ఒక్కడే వచ్చాడు.

"సోమవారం గుప్పుమంటదండీ. మంగళవారం కూడా వస్తది. గురువారానికి ఉండదు," అన్నాడు.

"వారాలు చూసుకుని వాసన కొట్టడానికి అదేమన్నా ఉపవాసం ఉంటోందా?" అని నేను నవ్వాను. అతనూ నవ్వాడు పాపం.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో కారుని షెడ్డుకి ఇచ్చేవాడు ఎవడైనా ట్యాంకు ఖాళీ చేసుకుని ఇచ్చేవాడు. మెకానిక్కులు పైపు పెట్టి పెట్రోల్ లాగేస్తారని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, లాగేవాళ్ళు మాలో ఉన్నారు. షావుకారుగారికి ఈ విషయంలో పట్టుదల మరీ ఎక్కువ. శనివారం నాటికి పెట్రోల్ ముల్లు అడుగుకి దిగాక గాని కారుని నా దగ్గరికి పంపేవారు కాదు. రెండుసార్లయితే ఆ కారు నా షెడ్డు రెండు సందుల అవతల ఆగిపోతే, డ్రైవరూ నేనూ కలిసి తోసుకుంటూ వచ్చాం. "మీ మీద మా అయ్యగారికి ఎంత నమ్మకమో చూశారా," అనేవాడు తోస్తూ.

ఇప్పుడు మీకు అర్థమైపోయి ఉంటుంది. సోమవారం ఫుల్లుగా పోయిస్తే వాసన, గురువారానికి సగానికి దిగితే వాసన లేదు, శనివారం నా దగ్గరికి వచ్చేసరికి అడుగున లీటరు. నాకు ఎందుకు అర్థం కాలేదంటే, అర్థం కాకపోలేదు. డ్రైవరు వారాలు చెప్పిన ఆ మూడోసారే అనుమానం వచ్చింది. ఈసారి ట్యాంకు నిండా పోయించి తీసుకురావయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. అంటే ఏమనుకుంటారు? ఓహో, మేస్త్రీకి పెట్రోల్ కావాల్సొచ్చింది అనుకుంటారు. దొంగ అనిపించుకోకూడదన్న పౌరుషం ఒకటి ఏడ్చింది కదా నాకు. ఆ పౌరుషం ఖరీదు ఇంకొకడు కట్టాడు.

నెల తిరిగేసరికి షావుకారుగారికి ఇంకో లెక్క తట్టింది. కారు మునుపటికంటే పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. డ్రైవరు చొక్కా దగ్గర పెట్రోల్ వాసన. భుజం మీది తువ్వాలుకీ అదే వాసన. రోజూ డిక్కీలో తల దూర్చి మూటలు దించేవాడికి ఆ వాసన అంటుకోక ఏం చేస్తుంది? కానీ అనుమానం పట్టిన మనిషికి అది కనపడదు.

ఓ శనివారం సాయంత్రం ఇద్దరూ షెడ్డుకి వచ్చారు. షావుకారుగారు అరవలేదు. ఆయన అరవకపోతేనే నాకు భయం వేసింది.

"మేస్త్రీ, మూడుసార్లు చూశావు. ఒక్కటే అడుగుతున్నా. ఈ కార్లో లీకు ఉందా, లేదా?"

డ్రైవరు నా మొహంలోకి చూస్తున్నాడు. ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. లీకు లేకపోతే పెట్రోల్ ఎటు పోతున్నట్టు అన్నది ఆ తర్వాతి ప్రశ్న. తెలియదండీ, ఇంకోసారి చూస్తానండీ అనొచ్చు. చుట్టూ పక్క షెడ్డుల వాళ్ళు నిలబడి వింటున్నారు. ఇన్నేళ్ళ మేస్త్రీని, నాకు తెలియదు అని ఎలా అంటాను?

"లేదండీ," అన్నాను.

షావుకారుగారు తల ఊపారు. డ్రైవరు కారు తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. కోప్పడలేదు, ఒట్లు పెట్టలేదు. డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ తీసుకోబోయి, మళ్ళీ అక్కడే ఉంచేశాడు. నా పక్కనుంచి వెళ్తూ, "మీరు చూసినప్పుడు లేదులెండి మేస్త్రిగారూ," అన్నాడు. ఎగతాళిగా అన్నా బాగుండేది. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా ఆవిడ ఏమైందని అడిగితే ఎండదెబ్బ అని అబద్ధం చెప్పాను.

పన్నెండు రోజులు గడిచాయి. షావుకారుగారికి కొత్త డ్రైవరు కుదరలేదు. పామర్రులో ఒక పెళ్ళివారికి చీరలు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. కూతురి తరఫున చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలు, ముప్పై పైచిలుకు. నాకు కబురు పెట్టారు. "నువ్వే వచ్చి తోలు మేస్త్రీ, వేరేవాణ్ణి నమ్మలేను." ఆ మాటకి పొంగిపోవాలో సిగ్గుపడాలో తెలియలేదు గాని, వెళ్ళాను.

పొద్దున్నే డిక్కీలో మూటలు సర్దాం. విజయవాడ దాటేముందు షావుకారుగారు బంకులో ఆపించి, తను దిగి పక్కనే నిలబడి, మూత అంచు దాకా పోయించారు. అప్పుడు కూడా నా అనుమానం నోట్లోంచి బయటికి రాలేదు. బంకు దాటాక ఆయనే అగరొత్తులు వెలిగించి దేవుడి బొమ్మ ముందు గుచ్చారు.

కంకిపాడు దాటాం. కాలవ వెంబడి రోడ్డు మెలికలు తిరుగుతూ పోతుంది. ఒక మలుపులో పెట్రోల్ వాసన గుప్పుమంది. ముందు చెరుకు ట్రాక్టరు పోతుంటే దాని కంపేమో అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ట్రాక్టరుని దాటేశాక కూడా వాసన మాతోనే వచ్చింది. పక్కసీట్లో షావుకారుగారు ముక్కు ఎగబీల్చడం వినపడుతోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఓ మైలు అలాగే వెళ్ళాక ఆయన మెల్లిగా అన్నారు.

"వాడు లేడుగా మేస్త్రీ ఇవాళ కార్లో."

బండి పక్కకి ఆపాను. మొట్టమొదట చేసిన పని, డాష్‌బోర్డు మీద ఇంకా పొగ వస్తున్న అగరొత్తులు పీకి కాలవలో పారేయడం. వెనక పెట్రోల్ కారుతుంటే, ముందు నిప్పు పెట్టుకుని ఆ మనిషి ఎన్ని సోమవారాలు తిరిగాడో! కారు అగ్గయిపోలేదంటే ఆ బొమ్మలోని దేవుడు నిద్రపోకుండా కాపలా కాశాడనే చెప్పాలి.

షావుకారుగారు తన కండువా గట్టు మీద పరిచి మూటలన్నీ దించారు. నేను డిక్కీలో దూరి ఆ లావు పైపు వెనక్కి చెయ్యి పోనిచ్చాను. పైనుంచి చూస్తే కనపడని వైపు, రేకు పక్కగా, వేళ్ళకి తడి తగిలింది. పైపు అక్కడ నిలువునా నెర్రె విచ్చి ఉంది. ట్యాంకు నిండుగా ఉంటే పెట్రోల్ ఆ నెర్రె దాకా వస్తుంది, మలుపు తిరిగినప్పుడల్లా ఒలుకుతుంది. కాస్త దిగితే మళ్ళీ అంతా పొడి. టార్చి కిందకి దించి చూశాను. పైపుకి బిగించిన తీగ కనపడింది. రెండు మెలికలు తిప్పి, చివర లోపలికి మడిచిన ముడి. ఆటోనగర్ మొత్తంలో ఆ ముడి వేసేవాడు ఒక్కడే. నేనే.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం, సామాన్ల కొట్లన్నీ మూసున్నాయి, షావుకారుగారికి ప్రయాణం తొందర. ఆ సైజు పెట్రోల్ పైపు దొరక్క, రేడియేటర్‌కి వాడే నీళ్ళ పైపు ముక్క కోసి బిగించాను. నీళ్ళ పైపు పెట్రోల్‌కి ఆగదు, ఉబ్బి పగులుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. వచ్చే వారం మార్చేద్దాం అనుకున్నాను. ఆ వచ్చే వారం రానేలేదు. నేను చేసిన పనే కదా అని, దాన్ని తప్ప కారంతా వెతికాను.

"ఏంటి? దొరికిందా?" అన్నారు షావుకారుగారు.

పైపు పాతదైపోయిందండీ అనే మాట నాలిక చివరికి వచ్చేసింది. అది అబద్ధం కూడా కాదు. డ్రైవరు మీది నింద పోతుంది, నా పేరూ నిలబడుతుంది. కాసేపు డిక్కీలోంచి తల బయటికి తియ్యలేదు. తీసి మొత్తం చెప్పాను. ఆదివారం సంగతి, నీళ్ళ పైపు సంగతి, ట్యాంకు నింపి తీసుకురమ్మని అడగడానికి నాకు అడ్డొచ్చిన పౌరుషం సంగతి కూడా.

బూతులు తిడతారనుకున్నాను. ఆయన కాలవ గట్టు మీద కూలబడ్డారు. "మగ్గం మీద ఉన్నప్పుడు పోగు తెగితే కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణయ్యా ఎక్కడ తెగిందో. ఎనిమిదేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషిని తెలుసుకోలేకపోయా," అన్నారు. ఆయన కళ్ళు తడవడం నేను చూసింది అదొక్కసారే.

ముందుకి వెళ్ళాలంటే ట్యాంకులో పెట్రోల్ కొంత తగ్గించాలి. రేడియేటర్ నీళ్ళ డబ్బా ఖాళీ చేసి, నా సంచిలోంచి సన్నపైపు తీసి ఆయన మొహంలోకి చూశాను.

"తీయవయ్యా, తీయి," అన్నారు. "మెకానిక్కులు పెట్రోల్ ఎలా లాగుతారో చూడాలని నాకెప్పట్నుంచో కోరిక."

ఆ కంగారులో నోటి నిండా పెట్రోల్ వచ్చింది. ఉమ్మి, కాలవ నీళ్ళతో పుక్కిలించి, మళ్ళీ ఉమ్మాను. డబ్బాలోది ఏం చెయ్యాలో తెలియక, అటు పోతున్న స్కూటరాయన్ని ఆపి పోస్తామంటే, "ఊరికేనా?" అని మమ్మల్ని ఎగాదిగా చూసి, పోయించుకుని వెనక్కి తిరిగి చూడకుండా పారిపోయాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఏడవాల్సిన చోట నవ్వు వస్తే ఆపడం కష్టం.

చీరలు వెనక సీట్లోకి మార్చి, అద్దాలన్నీ దించి గాలాడించుకుంటూ పామర్రు చేర్చాం. షావుకారుగారు ఒక్కో మడతా వాసన చూసి మూడు చీరలు పక్కన పెట్టి, మిగతావి ఇచ్చారు. బయటికి వచ్చాక కార్లో కూర్చుంటూ, "వాళ్ళ పల్లె ఎంత దూరం?" అని అడిగారు. ఎవరి పల్లె అని నేను అడగలేదు.

బందరు దాటి, ఉప్పు గాలిలోకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. డ్రైవరు ఇంటి ముందు పందిరి కింద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కారు చూడగానే లేచి నిలబడ్డాడు. మా కంటే ముందు అతని భార్య గడపలోకి వచ్చింది. కూర్చోమని కూడా అనలేదు.

"మా ఇళ్ళల్లో అందరి ఒంటికీ చేపల వాసనేనండీ. దానికి మేం ఏనాడూ సిగ్గుపళ్ళా. ఈ మనిషి మీ దగ్గర్నుంచి పెట్రోల్ వాసనతో తలొంచుకుని వచ్చాడు. ఆ చొక్కా మూడుసార్లు ఉతికా. పోలా," అంది.

"ఊరుకోవే," అన్నాడు డ్రైవరు.

"ఊరుకోనక్కర్లేదమ్మా," అన్నారు షావుకారుగారు. "నువ్వు అన్నదానికంటే నాలుగు మాటలు ఎక్కువ పడాల్సినవాణ్ణే నేను." చెప్పులు విప్పి ఆ పందిరి కింద నేల మీదే కూర్చున్నారు. నావైపు చూశారు. చెప్పాల్సింది నేను కదా. అతని దగ్గరికి వెళ్ళాను.

"తప్పు నాది. లీకు ఉంది. ఆ పైపు నేను వేసిందే," అన్నాను.

అతను నా మాటలు విన్నాడో లేదో గాని, ముక్కు ముడిచి ఒకడుగు వెనక్కి వేశాడు.

"మేస్త్రిగారండీ, మీ దగ్గర పెట్రోల్ కంపు కొడతందేంటండీ?"

నోట్లోంచే వస్తోంది మరి. ఏం చెప్పను? జరిగింది చెప్పాను. మెల్లగా అతని మూతి వంకర తిరిగింది, భుజాలు కదిలాయి. "అయ్యగారి ముందే లాగారా? అయ్యగారే లాగమన్నారా?" అని అడిగి అడిగి నవ్వాడు. గడపలో అతని భార్య కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చాపలు వచ్చాయి, మంచినీళ్ళు వచ్చాయి. నాకు మాత్రం మజ్జిగ ఇచ్చింది, నోటి కంపు పోతుందని.

షావుకారుగారు మళ్ళీ పనిలోకి రమ్మని అడిగితే అతను వెంటనే ఒప్పుకోలేదు. వల దారం వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి, "ఒక్క మాటండీ అయ్యగారూ. ఇకనుంచి బండి షెడ్డుకి పంపితే నిండు ట్యాంకుతో పంపాల. మేస్త్రిగారు తాగినా సరే," అన్నాడు.

"తాగనీ," అన్నారు షావుకారుగారు.

మర్నాడు పొద్దున నేనే సామాన్ల కొట్టుకి వెళ్ళి అసలు పెట్రోల్ పైపు తెచ్చి వేశాను. ఈసారి తీగ కాదు, సరైన క్లాంపులు. పాత ముక్క కోసి షెడ్డులో అందరి ముందూ పెట్టి, ఇది నా నిర్వాకం అని చెప్పాను. ఆ శనివారం ఎవరి ముందు నా పరువు పోతుందని భయపడ్డానో, వాళ్ళే వాళ్ళంతా. ఎవడూ నవ్వలేదు. ఒకరిద్దరు వెళ్ళి తాము అలాగే బిగించిన బళ్ళని వెనక్కి పిలిపించుకున్నారని తర్వాత తెలిసింది.

డ్రైవరు బంకుకి వెళ్ళి మూత అంచు దాకా పోయించుకొచ్చాడు. షావుకారుగారు పక్కన కూర్చున్నారు. నేను వెనక. కావాలని మలుపులున్న రోడ్డే ఎంచుకుని కంకిపాడు దాకా వెళ్ళి వచ్చాం. షెడ్డు ముందు ఆపి, ముగ్గురం డిక్కీలో తలలు దూర్చాం. పైపు వెనక్కి చెయ్యి పోనిచ్చి, అటూ ఇటూ, పైనా కిందా తడిమాను. డ్రైవరు తల బయటికి తీసి, చొక్కా భుజం ముక్కు దగ్గరికి లాక్కుని ఓసారి వాసన చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"మేస్త్రీ," అన్నారు షావుకారుగారు, పక్క షెడ్డుల వాళ్ళకి వినపడేలా. "లీకు ఉందా, లేదా?"

డ్రైవరు ఆ రోజు చూసినట్టే నా మొహంలోకి చూస్తున్నాడు.

"లేదండీ," అన్నాను. ఈసారి చూసి చెప్పాను.